కలపపై ముద్ర అడవికి రక్ష అగునా?

నేడు బజారులో దొరకు నోటు పుస్తకములలోను, కాగితపు పెట్టెలలోను, కలప సామానులలోను కొన్నిటిపై ఒక చిన్న గుర్తు కనిపించును. ఒక చెట్టు బొమ్మ, సరియైన జవాబుకు ఉపాధ్యాయుడు పెట్టు టిక్కు గీత, ఈ రెండును అందులో కలిసియుండును. మరికొన్నిటిపై రెండు చెట్లును, వాటిని చుట్టి వచ్చు బాణములును ఉండును. ఈ వస్తువునకు వాడిన కలప చక్కగా నిర్వహింపబడుచున్న అడవినుండి వచ్చినదని చెప్పుటకే ఆ గుర్తు వేయుదురు. కొనువాడు ఆ అడవిని చూచినవాడు కాడు, చూడబోవువాడును కాడు. ఎక్కడనో చెట్టు నరికిన వానికిని, ఇక్కడ పుస్తకము కొన్న విద్యార్థికిని నడుమ సాక్ష్యము ఆ గుర్తు ఒక్కటే.

ఆ సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును? ఆ గుర్తు ఉన్నందువలన అడవులు నిజముగా నిలుచుచున్నవా? నిలుచుచున్నవని కొందరును, ఇది వ్యాపారుల కన్నుకట్టు అని కొందరును 30 సంవత్సరములకు పైగా వాదించుచున్నారు. వీరి తగవు తీరవలెనన్న ఈ ఏర్పాటు ఏ పని కొరకు పుట్టినదో, ఏ పని దానివలన కాదో తెలిసికొనవలెను. అందుకు దాని చరిత్రయే మంచి దారి.

వడ్డీ తిని అసలు నిలుపుట

అడవిని తరిగిపోకుండ వాడుకొనవలెనను ఆలోచన గనుల పట్టణములో పుట్టినది. జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున ఫ్రైబర్గు చుట్టును వెండి గనులు ఉండెడివి. గనిలో పైకప్పు కూలకుండ నిలుపుటకు దుంగలు కావలెను. ముడి లోహమును కరిగించుటకు బొగ్గు కావలెను. ఆ కాలపు బొగ్గు కట్టెలను కాల్చి చేసినదే. గనులు ఎంత లోతుకు పోయినవో, చుట్టునున్న అడవులు అంత దూరము వెనుకకు పోయినవి. గనుల పరిపాలనాధికారియైన హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో అటవీ పోషణను గురించి ఒక గ్రంథము ప్రకటించెను. ఎంత పెరుగునో అంతకు మించి నరుకరాదనియు, నరికినచోట మరల పెంచవలెననియు అందు బోధించెను. నేడు 'సుస్థిరత' అని పిలువబడు భావమునకు ఆ గ్రంథమునే మొదటి స్పష్టమైన ఆధారముగ చెప్పుదురు.

దీని లెక్క సులభమైనది. ఒక చెట్టు పక్వమునకు వచ్చుటకు 50 సంవత్సరములు పట్టుననుకొందము. 100 హెక్టార్ల అడవిని 50 భాగములు చేసి, ఏటికి 2 హెక్టార్లు మాత్రమే నరికి మరల నాటుచు పోయినచో, 51వ ఏట మొదటి భాగము కోతకు సిద్ధముగ నుండును. వడ్డీ తినుచు అసలు నిలుపుకొను షావుకారు పద్ధతియే ఇది.

ఈ పద్ధతిని ఈ వైపు దేశములకు తెచ్చినవారిలో ముఖ్యుడు జర్మను శాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్. ఈయన 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు అధికారియయ్యెను. అడవిలో గీటు గీసినట్లు కొన్ని దారుల వెంబడి పోవుచు, చుట్టుకొలతను బట్టి చెట్లను తరగతులుగ లెక్కించి, ఏటికి ఎన్ని పెద్ద చెట్లు కొట్టవచ్చునో నిర్ణయించెను. 1864లో భారతదేశపు అటవీ శాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను.

కాని ఆ లెక్కలో కలపకున్న చోటు అడవిలో బ్రతుకు ప్రజలకు లేదు. 1878లో భారత అటవీ చట్టము, 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట అడవులు 'రిజర్వు'లయినవి. పోడు కొట్టుట, పశువులను మేపుట, కట్టెలు తెచ్చుకొనుట నేరములయినవి. గూడెము, రంప కొండలలోని గిరిజనులకు దీనివలన కలిగిన కష్టములు 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున సాగిన మన్యపు తిరుగుబాటునకు ఒక ముఖ్య కారణము. చెట్లను లెక్కించి మనుష్యులను మరచిన పద్ధతి అడవికి శత్రువులను పెంచునని తెలుగు ప్రజలకు ఆనాడే తెలిసినది. ప్రపంచము దానిని ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది.

బహిష్కారమునుండి ధ్రువీకరణకు

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున యంత్రపు రంపము, బుల్‌డోజరు అడవిలో ప్రవేశించినవి. ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల ఉష్ణమండలపు అడవులు త్వరత్వరగ తరుగజొచ్చినవి. బోర్నియో ద్వీపమున మలేషియాకు చెందిన సారవాకులో పెనాన్ అను అటవిక ప్రజలు 1987లో తమ అడవిలోనికి వేసిన కలప దారులకు అడ్డముగ నిలిచిరి. ఆ వార్తలు యూరపునకు చేరినవి. ఉష్ణమండలపు కలపను కొనవద్దని అక్కడి పర్యావరణ సంఘములు ప్రచారము చేసినవి. జర్మనీ, నెదర్లాండ్సులలో అనేక పురపాలక సంఘములు తమ కట్టడములలో ఆ కలపను వాడుట మానివేసినవి.

ప్రభుత్వములు ఊరకుండలేదు. ఉష్ణమండల కలప వర్తకమును గురించి ఒక అంతర్జాతీయ సంస్థ 1986లో జపానులోని యొకహామాలో ఏర్పడెను. ఆ సంస్థ కోరిక మీద డంకన్ పూర్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున జరిగిన పరిశీలన 1989లో గ్రంథముగ వెలువడినది. ఉష్ణమండలమున కలప కొరకు నరుకు అడవులలో నిజముగ సుస్థిర నిర్వహణలోనున్నవి నూటికి ఒక వంతైనను లేవని ఆ పరిశీలన తేల్చెను. 2000 సంవత్సరము నాటికి వర్తకమునకు వచ్చు ఉష్ణమండలపు కలపయంతయు సుస్థిరముగ నిర్వహింపబడు అడవులనుండియే రావలెనని ఆ సంస్థ లక్ష్యము పెట్టుకొనెను. గడువు దాటినది గాని లక్ష్యము నెరవేరలేదు.

బహిష్కారములో ఒక చిక్కు ఉన్నది. కలపకు ధర లేకపోయినచో అడవిని నిలుపుకొనుటకు ఆ దేశమునకు ఒక కారణము తగ్గును. దానిని తగులబెట్టి పశువుల బీడుగనో, సోయా చేనుగనో, నూనె తాటి తోటగనో మార్చుట లాభముగ తోచును. మంచి కలపకును చెడ్డ కలపకును తేడా తెలిసిననాడు మంచిదానిని కొని, చెడ్డదానిని విడువవచ్చును. ఆ తేడా తెలుపుటకు గుర్తు కావలెను. 1992లో ఆస్ట్రియా ప్రభుత్వము ఉష్ణమండలపు కలపపై గుర్తు తప్పనిసరి అని చట్టము చేసెను. తమ కలపకు మాత్రమే ఈ నిబంధన యేల, యూరపు కలపకు అక్కరలేదా యని మలేషియా, ఇండొనేషియాలు అంతర్జాతీయ వర్తక వేదికపై అభ్యంతరము చెప్పినవి. ఆ వాదమునకు ఎదురు చెప్పుట సులభము కాదు. 1993లో ఆస్ట్రియా ఆ నిబంధనను ఉపసంహరించుకొనెను. 1992లోనే రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సమావేశమున అడవులను గురించి అందరినీ బంధించు ఒడంబడిక కుదరలేదు. పాటింపు ఐచ్ఛికమైన సూత్రములు మాత్రమే వెలువడినవి.

ప్రభుత్వములు చేయలేని పనిని ప్రభుత్వేతరులు చేపట్టిరి. రెయిన్‌ఫారెస్ట్ అలయెన్స్ అను అమెరికా సంస్థ 1989లో 'స్మార్ట్‌వుడ్' అను ధ్రువీకరణ కార్యక్రమము ఆరంభించి, 1990లో ఇండొనేషియాలోని జావా ద్వీపపు ప్రభుత్వ టేకు అడవులకు మొదటి ధ్రువపత్రము ఇచ్చెను. కలప వర్తకులు, పర్యావరణవాదులు, మానవ హక్కుల సంఘములవారు 1990లో కాలిఫోర్నియాలో కలిసి మాట్లాడిరి. ఆ మాటల ఫలముగ 1993లో కెనడాలోని టొరంటో నగరమున ఫారెస్ట్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్, పొడి అక్షరములలో ఎఫ్.ఎస్.సి., స్థాపితమయ్యెను. దాని కార్యాలయము మొదట మెక్సికోలోని ఒవహాకాలో నుండి, 2003లో జర్మనీలోని బాన్ నగరమునకు మారెను.

ఎఫ్.ఎస్.సి. నిర్మాణములో ఒక విశేషము కలదు. దాని సభ్యులు మూడు సభలుగ ఉందురు: వ్యాపారము, పర్యావరణము, సామాజికము. మూడింటికిని ఓట్లు సమానము. ప్రతి సభలోను సంపన్న దేశములవారికి సగము, తక్కిన దేశములవారికి సగము బలముండును. కార్లోవిట్జ్ లెక్కలో లేని మనుష్యులకు ఇక్కడ చోటు దొరికినది. అడవిలో బ్రతుకు ప్రజల హక్కులు, కూలీల క్షేమము, జీవవైవిధ్యము, నీరు, నేల ఇవి యన్నియు దాని 10 మూల సూత్రములలో చేరినవి.

ఈ నియమములు చిన్న అడవుల యజమానులకు మోయరాని బరువని యూరపులో కొందరు తలచిరి. వారు 1999లో పారిసులో పి.ఇ.ఎఫ్.సి. అను మరియొక వ్యవస్థను స్థాపించిరి. ఇది తాను నేరుగ నియమములు పెట్టక, ఆయా దేశముల ధ్రువీకరణ పద్ధతులను పరీక్షించి ఆమోదించును. విస్తీర్ణమున ఇదియే పెద్దది. రెండు చెట్ల గుర్తు దీనిది.

ముద్ర పడు విధము

ధ్రువపత్రము కోరు సంస్థ మొదట ఒక తనిఖీ సంఘమును నియమించుకొనును. తనిఖీదారులు అడవికి వచ్చి, పటములు, నరికిన చెట్ల లెక్కలు, దారులు, కూలీల వసతులు చూచెదరు. చుట్టుప్రక్కల గ్రామస్థులతో మాట్లాడుదురు. లోపములున్న దిద్దుకొనుటకు గడువు ఇచ్చెదరు. ధ్రువపత్రము 5 సంవత్సరములు చెల్లును. ఏటేట తనిఖీ జరుగును.

అంతటితో పని ముగియదు. అడవినుండి దుంగ కోత మిల్లునకు, మిల్లునుండి పలక అడితికి, అడితినుండి వడ్రంగికో కర్మాగారమునకో పోవును. ఈ గొలుసులో ప్రతి చేతికిని వేరు ధ్రువపత్రము ఉండవలెను. లేనిచో వస్తువుపై గుర్తు వేయరాదు. కాగితపు గుజ్జులో అనేక అడవుల కలప కలిసిపోవును గనుక 'మిశ్రమము' అను గుర్తు పుట్టినది. ఎఫ్.ఎస్.సి. మిశ్రమపు గుర్తులో సాధారణముగ నూటికి 70 పాళ్లయినను ధ్రువీకరింపబడిన కలపయో, మరల వాడిన పదార్థమో ఉండవలెను. తక్కినది ధ్రువీకరింపబడని అడవినుండి రావచ్చును. కాని అది దొంగ కలప కాదనియు, హక్కులు కాలరాచి తెచ్చినది కాదనియు చూచుకొనవలెను.

అడవిలో దీనివలన కలుగు మార్పు ఏమి? ఉష్ణమండలపు అడవిలో చెట్లు తీగలతో ఒకదానికొకటి పెనవేసికొని యుండును. ఒక మానును నరికినచో అది పడుచు ప్రక్క చెట్లను లాగివేయును. దుంగను ఈడ్చు యంత్రము దారి వెదకుచు మొక్కలను నలుగగొట్టును. ముందుగ చెట్లను గుర్తించి పటము వేసి, తీగలను కోసి, ఏ దిక్కున పడవేయవలెనో నిర్ణయించి, ఈడ్చు దారులను తగ్గించినచో ఈ నష్టము చాలవరకు తగ్గును. మలేషియాలోని సాబాలో జరిగిన పరిశోధనలో, ఇట్లు జాగ్రత్తగ నరికినచోట మిగిలిన చెట్లకు కలిగిన దెబ్బ సాధారణపు కోతతో పోల్చిన రమారమి సగమునకు తగ్గినది. ధ్రువీకరణ నియమములు కోరునది ఇట్టి జాగ్రత్తనే.

అడవి పోవుచున్నది ఎందువలన?

ఇక అసలు ప్రశ్నకు రావలెను. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2025లో ప్రకటించిన అంచనా ప్రకారము ప్రపంచమున అడవులు 414 కోట్ల హెక్టార్లు. 2015 నుండి 2025 వరకు ఏటికి రమారమి 1 కోటి 9 లక్షల హెక్టార్ల అడవి నరకబడి ఇతర వినియోగములకు మారినది. ఈ మార్పునకు కారణము వెదకగా, నూటికి దాదాపు 90 పాళ్లు వ్యవసాయము, పశువుల మేత అని ఆ సంస్థయే 2021లో తెలిపెను.

ఇచ్చటనే కీలకము ఉన్నది. అడవిని బీడుగ మార్చదలచినవాడు కలపపై గుర్తు అడుగడు. వానికి కావలసినది నేల. ధ్రువపత్రము కోరి వచ్చువాడు అడవిని అడవిగనే ఉంచి 30, 40 ఏండ్ల తరువాత మరల కోయదలచినవాడు. అనగా మందు పుచ్చుకొనుటకు వచ్చినవాడు తక్కువ జబ్బు కలవాడు; ఎక్కువ జబ్బు కలవాడు వైద్యశాల గడప తొక్కడు.

గుర్తు పడిన అడవుల పటము చూచినను ఇదే తెలియును. ప్రపంచపు అడవులలో ధ్రువీకరింపబడినవి రమారమి పదవ వంతు. అందులో అధిక భాగము యూరపు, ఉత్తర అమెరికాలలోని శీతల, సమశీతోష్ణ మండలములది. అడవి నిలుచుటయే గాక, కొన్నిచోట్ల పెరుగుచున్న దేశములును అందులో కలవు. ఉష్ణమండలపు అడవుల కొరకు పుట్టిన ఏర్పాటు ఉష్ణమండలముననే తక్కువగ వ్యాపించినది. తనిఖీకి అగు వ్యయము, పటములు, శిక్షణ పొందిన సిబ్బంది చిన్న సంస్థలకు భారము. గుర్తు ఉన్న కలపకు వచ్చు ఎక్కువ ధర ఆ భారమును ఎల్లప్పుడు తీర్చలేదు.

పోలిక ఎట్లు చేయవలెను?

గుర్తు పడిన అడవి బాగున్నదని చూపినంత మాత్రమున గుర్తువలననే బాగున్నదని రుజువు కాదు. బాగున్న అడవులే గుర్తు కొరకు వచ్చియుండవచ్చును. మంచి పాఠశాల ఫలితములు బోధనవలన వచ్చినవా, ఏరి చేర్చుకొన్న విద్యార్థులవలన వచ్చినవా యని ఉపాధ్యాయులు వేసికొను ప్రశ్న వంటిదే ఇది. కావున శాస్త్రజ్ఞులు నేల వాలు, ఊరికి దూరము, దారులు, పూర్వపు నరుకుడు మొదలగు విషయములలో సమానమైన అడవులను జతపరచి, ఉపగ్రహ చిత్రములతో పోల్చి చూచుచున్నారు.

ఇట్టి పరిశోధనలు ఒకే మాట చెప్పలేదు. మెక్సికోలో ఎఫ్.ఎస్.సి. ధ్రువీకరణవలన అడవి నరుకుడు తగ్గినట్లు ఆధారము దొరకలేదని 2018లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఇండొనేషియాకు చెందిన కాలిమంతానులో 2000 నుండి 2008 వరకు జరిగిన మార్పులను చూచి 2015లో ప్రకటించిన పరిశోధనలో, ధ్రువీకరణ పొందినచోట అడవి నష్టము పోల్చిన చోట్లకంటె 5 శాతపు పాళ్లు తక్కువగ నున్నట్లు తేలినది. అయితే అడవి నడుమ చిన్న చిన్న ఖాళీలు కొంత పెరిగినట్లును అదే పరిశోధన చూపినది.

విస్తీర్ణము ఒక్కటే అడవి కాదు. పైనుండి చూచిన పచ్చగ కనిపించు అడవి లోపల మృగము లేక శూన్యమై యుండవచ్చును. మధ్య ఆఫ్రికాలోని గాబాన్, కాంగో రిపబ్లిక్కులలో ఈ విషయమును పరీక్షించిరి. ఎఫ్.ఎస్.సి. గుర్తు పొందిన 7 కలప అడవులలోను, పొందని 7 అడవులలోను ప్రాణి కదలగనే దానంతట అది ఫోటో తీయు కెమేరాలు అమర్చిరి. 2024లో 'నేచర్' పత్రికలో ప్రకటితమైన ఈ పరిశోధనకు చూచిన చిత్రములు సుమారు 13 లక్షలు. గుర్తు పొందిన అడవులలో 100 కిలోలకు పైబడిన జంతువులు 2.7 రెట్లు అధికముగ కనిపించినవి. ఏనుగు, గొరిల్లా ఇట్టివి. 30 నుండి 100 కిలోల లోపు జంతువులు 2.5 రెట్లు అధికము. కారణము వింత కాదు. కోత ముగిసిన దారులను మూసివేయుట, బండ్లను ఆపి చూచుట, పనివారికి వేరు మాంసము సమకూర్చుట మొదలగు నియమములవలన వేట తగ్గును. పెద్ద జంతువులు పండ్లు తిని గింజలను దూరముగ చల్లును గనుక, అవి నిలిచిన రేపటి చెట్లును నిలుచును.

ఈ పరిశోధనలను కలిపి చూచినచో ఒక తీరు కనిపించును. కలప కొరకు వాడు అడవి లోపల పని తీరును ధ్రువీకరణ మెరుగుపరచగలదు. అడవి సరిహద్దుపై గొడ్డలి పడకుండ ఆపుటలో దాని బలము అనిశ్చితము.

ముద్ర తప్పిన చోట్లు

ధ్రువీకరణను విమర్శించువారికి ఆధారములు తక్కువ కావు. తనిఖీ చేయు సంఘమునకు రుసుము ఇచ్చునది తనిఖీ పొందు సంస్థయే. పరీక్ష పత్రములు దిద్దువానికి జీతము విద్యార్థియే ఇచ్చిన చందము. దీనిని అదుపులో నుంచుటకు తనిఖీదారులను తనిఖీ చేయు సంస్థ కలదు గాని, చిక్కు మొదలంట తీరలేదు.

మొదటి ధ్రువపత్రము పొందిన జావా టేకు అడవుల గతి గమనింపదగినది. 1998లో సుహార్తో ప్రభుత్వము కూలిన తరువాత ఆ అడవులలో దొంగ నరుకుడు విపరీతముగ పెరిగినది. అటవీ సంస్థకును గ్రామస్థులకును చిరకాలముగ నున్న వైరము బయటపడినది. 2001లో ధ్రువపత్రములు నిలిపివేయబడినవి. తరువాతి కాలమున కొన్ని విభాగములు మరల పరీక్షకు నిలిచి నెగ్గినవి. రాజ్యము సడలినపుడు, ప్రజలు తమది కాదనుకొన్నపుడు, కాగితము అడవిని కాపాడలేదని జావా చూపినది.

రొమేనియాలో దొంగ కలప కొన్నదన్న ఆరోపణలపై విచారణ జరిపి, ఒక పెద్ద ఆస్ట్రియా కలప సంస్థతో ఎఫ్.ఎస్.సి. 2017లో సంబంధము తెంచుకొనెను. గుర్తు ఇచ్చు వ్యవస్థ తప్పును శిక్షించినదని కొందరును, బయటివారు చెప్పునంతవరకు తప్పు కనబడలేదని కొందరును దీనిని రెండు విధములుగ చెప్పుదురు. రెండును నిజమే. ఎఫ్.ఎస్.సి.లో ఆరంభమునుండి పాలుగొన్న గ్రీన్‌పీస్ సంస్థ అంతర్జాతీయ శాఖ 2018లో సభ్యత్వము విడిచి, 2021లో ధ్రువీకరణ పద్ధతులను తీవ్రముగ విమర్శించు నివేదిక ప్రకటించెను.

తోటల విషయమున మరియొక తగవు ఉన్నది. సహజమైన అడవిని కొట్టి 1994 నవంబరు తరువాత వేసిన తోటకు గుర్తు ఇవ్వరాదని ఎఫ్.ఎస్.సి. నియమము ఉండెడిది. 2023లో అమలునకు వచ్చిన కొత్త విధానము ఆ గడువును 2020 డిసెంబరు 31కి మార్చెను. 1994, 2020ల నడుమ అడవిని మార్చినవారు ఆ నష్టమునకు పరిహారముగ అడవిని పునరుద్ధరించి, నష్టపడిన ప్రజలకు న్యాయము చేసిన గుర్తునకు అర్హులగుదురు. ఇది చెడిన అడవులను మరల లేపు మార్గమని కొందరి ఆశ. పాత తప్పునకు మాఫీ అని కొందరి కోపము. ఫలితము చూచుటకు ఇంకను కాలము కావలెను.

అడవి తమదైన చోట

ధ్రువీకరణ బలముగ పనిచేసిన తావులలో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా ఒకటి. ఆ దేశపు ఉత్తర భాగమున పెటెన్ అను ప్రాంతములో 1990లో 20 లక్షల హెక్టార్లకు మించిన మాయా జీవావరణ రక్షిత ప్రదేశము ఏర్పడెను. అందు కొన్ని భాగములు జాతీయోద్యానములు. మరికొన్ని భాగములను 1994 మొదలుకొని గ్రామ సంఘములకు 25 ఏండ్ల ఒప్పందముపై అప్పగించిరి. ఆ ఒప్పందములో ఎఫ్.ఎస్.సి. ధ్రువీకరణ పొందవలెనను షరతు పెట్టిరి. కార్మెలీటా, వాషక్తూన్ వంటి గ్రామములవారు మహాగని చెట్లను లెక్కించి కొద్దికొద్దిగ కోయుదురు; పుష్పగుచ్ఛములలో వాడు షాటే ఆకులను ఏరి అమ్ముదురు.

తరువాత జరిగినది నిపుణుల ఊహకు విరుద్ధము. లగూనా డెల్ టీగ్రే జాతీయోద్యానమున పశువుల బీడుల కొరకు విశేషముగ అడవి పోయినది. ప్రజలు కలప కోయుచున్న గ్రామ సంఘముల అడవులలో నరుకుడు అతి స్వల్పము. ఎండకాలమున నిప్పు గీతలు కోసి, కావలి తిరిగి అడవిని కాచినది ఆ గ్రామస్థులే. అడవి కాలినచో వారి జీవనము కాలును. అయితే అచ్చటనే పశువుల పెంపకమునకు మొగ్గిన కొన్ని సంఘముల ఒప్పందములు రద్దయినవి. గుర్తు అందరికిని ఒక్కటే. హక్కును నిలుపుకొనగల సంఘబలము ఉన్నచోట గెలుపు, లేనిచోట ఓటమి.

చట్టము తోడు

వర్తకుల ఇష్టముపై నడచు ఏర్పాటునకు చట్టము బలము తెచ్చినది. అమెరికాలో 1900 నాటి లేసీ చట్టమును 2008లో సవరించి దొంగ కలప దిగుమతిని నేరము చేసిరి. యూరపియన్ యూనియన్‌లో 2013 మార్చినుండి దొంగ కలప అమ్ముట నిషిద్ధము. 2023లో అక్కడ మరియొక చట్టము వచ్చినది. 2020 తరువాత అడవి కొట్టిన నేలనుండి వచ్చిన కలపను మాత్రమే గాక పశువులు, సోయా, నూనె తాటి, కోకో, కాఫీ, రబ్బరులను కూడ అది నిషేధించును. దాని అమలు తేది వాయిదా పడుచు వచ్చినది. అయినను అడవికి అసలు శత్రువు ఎవరో ఆ పట్టికయే చెప్పుచున్నది. కేవలము గుర్తు ఉన్నంత మాత్రమున ఆ చట్టము తృప్తిపడదు. సరుకు పండిన నేల ఏదో పటముపై చూపవలెను.

2022లో యుక్రెయిన్ యుద్ధము ఆరంభమయిన తరువాత రష్యా, బెలారుస్‌లలో ఎఫ్.ఎస్.సి., పి.ఇ.ఎఫ్.సి. గుర్తులతో కలప అమ్ముట నిలిపివేయబడినది. అప్పటికి రష్యాలో ఎఫ్.ఎస్.సి. గుర్తు క్రింద ఉండిన అడవి రమారమి 6 కోట్ల హెక్టార్లు. చెట్లు ఉన్నచోటనే ఉన్నవి. వాటిని చూచు బయటి కన్ను మాత్రము చాలవరకు తొలగినది. వర్తకముపై ఆధారపడిన రక్షణ వర్తకముతోనే పోవునని ఇది తెలిపినది.

మన దేశమున 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము భారతీయ అటవీ, కలప ధ్రువీకరణ పథకమును ప్రకటించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలో కాగితపు మిల్లుల కొరకు రైతులు సుబాబుల్, జామాయిల్, సరుగుడు పెంచుచున్నారు. ఇట్టి రైతు తోటలకు కొన్నిటికి ఎఫ్.ఎస్.సి. ధ్రువపత్రములు లభించినవి. ఆ తోట సహజమైన అడవి కాదు. కాని మిల్లునకు కావలసిన గుజ్జు పొలమునుండి వచ్చిన, అడవి వెదురుపైని, చెట్టుపైని ఒత్తిడి తగ్గును. నోటు పుస్తకముపై ఉన్న గుర్తును చూచి దట్టమైన అరణ్యమును ఊహించుకొనుట పొరపాటు. అది పొలము గట్టున పెరిగిన సుబాబులు కావచ్చును.

తీర్పు

కనుక ధ్రువీకరణ అడవిని కాపాడుచున్నదా యను ప్రశ్నను రెండుగ విడదీయవలెను. కలప కోయువాని చేతినుండి కాపాడునా? చాలవరకు కాపాడును. చెట్టుకు చెట్టునకు నడుమ నేలను, నీటిని, మృగమును, పనివానిని గమనించునట్లు చేసినది. నేల కోరువాని చేతినుండి కాపాడునా? ఒంటరిగ కాపాడలేదు. ఆ పనికి గ్రామస్థుని హక్కు, చట్టము, మాంసము, నూనె, కాఫీ కొనువారి వివేకము తోడు కావలెను.

తరగతిలో ఈ విషయము చెప్పు ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక పని చేయింపవచ్చును. ఇంటిలోని పుస్తకములు, పెట్టెలు తీసి గుర్తులు వెదకి, అందు 'నూటికి నూరు' అని ఉన్నదా, 'మిశ్రమము' అని ఉన్నదా, 'మరల వాడినది' అని ఉన్నదా వ్రాయించవలెను. తరువాత ఆ గుర్తు ఏ అడవిని గూర్చి చెప్పుచున్నది, ఎవరు చూచి చెప్పిరి, చూచినవారికి రుసుము ఎవరిచ్చిరి అను మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ ప్రశ్నలు అడుగువారు పెరిగిన కొలది ముద్రకు విలువ పెరుగును. అడుగువారు లేనిచో అది సిరా మాత్రమే.